కారు తుడిచే ఐపీఏ సీసా, దాని పక్కన అమ్మే మరో నాలుగు రకాలు: తిరుపతి ఎండలో ఏది కొనాలి, ఏది ముట్టకూడదు

99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్, లీటరు సీసా. కార్లను లోపలా బయటా శుభ్రం చేసి మెరిపించే డీటెయిలింగ్ షాపుల్లో అందరూ ఐపీఏ అంటారు. సరుకు మంచిదే, పెట్టిన డబ్బుకు తగ్గ పని చేస్తుంది. కానీ సీసాలో ఉన్నదాన్ని ఉన్నట్టుగా కారు లోపల కొట్టడానికి మాత్రం పనికిరాదు. తిరుపతిలో ఇది సర్జికల్ షాపుల్లో, సెల్‌ఫోన్ రిపేరు సామాన్ల కొట్లలో, కారు యాక్సెసరీల షాపుల్లో దొరుకుతుంది. అదే పనికని ఇంకో నాలుగు రకాలు కూడా అమ్ముతారు: రెడీమేడ్ గ్లాస్ క్లీనర్, ప్యానెల్ వైప్, వాషర్ ఫ్లూయిడ్, పెయింట్ షాపులో లూజుగా పోసిచ్చే స్పిరిట్. షాపతను అన్నింటినీ కలిపి ‘స్పిరిటే సార్’ అంటాడు. పేరు ఒకటే అయినా ఒంటికి జరిగే చెరుపు ఒక్కటి కాదు. అందుకే అయిదింటినీ పక్కపక్కన పెట్టి చూడాలి.

ముందు ఐపీఏ ఏం చేస్తుందో చూద్దాం. పాలిష్ పట్టాక పెయింట్ మీద మిగిలే నూనె పొరను తీసేస్తుంది. అది తీస్తేనే సిరామిక్ కోటింగ్ గానీ, పెయింట్‌కు గీతలు పడకుండా అంటించే పారదర్శక ఫిల్మ్ (పీపీఎఫ్) గానీ, వెనక అద్దం మీద అంటించే తిరునామం స్టిక్కరు గానీ గట్టిగా పట్టుకుంటుంది. పాత స్టిక్కరు పీకాక మిగిలిన బంకను మెత్తబరుస్తుంది. ముందు అద్దం లోపలివైపు డ్యాష్‌బోర్డు ప్లాస్టిక్ వేడికి వదిలే ఆవిరి, అగరుబత్తి పొగ కలిసి ఒక మసక పొర కడతాయి. రాత్రి ఎదురు బండి లైటు పడితే కళ్లు చెదిరేది ఆ పొర వల్లే. ఐపీఏ దాన్ని ఒకటి రెండు తుడుపుల్లో లేపేస్తుంది. చెయ్యలేనివీ ఉన్నాయి. బోరు నీళ్లతో కడిగాక ఎండకు పడే తెల్ల మచ్చలు కాల్షియం, మెగ్నీషియం లవణాలు. అవి ఆల్కహాల్‌లో కరగవు, ఎంత పోసినా వృథా. నీళ్లు కలిపిన వెనిగర్‌తో తుడిచి, వెంటనే కడిగేస్తే పోతాయి. తారు మచ్చలకూ ఐపీఏ చాలదు, వాటికి వేరే టార్ రిమూవర్ ఉంది. మచ్చ పోవడం లేదని ఐపీఏ ఇంకా ఇంకా కొట్టడమే చాలామంది చేసే మొదటి తప్పు. మచ్చ అక్కడే ఉంటుంది, ఆవిరి మాత్రం ముక్కులోకి పోతుంది.

ఇక అసలు సంగతి, కారు లోపలి గాలి. చిన్న కారు క్యాబిన్ సుమారు 3 ఘనపు మీటర్లు అనుకుందాం, అంటే 3,000 లీటర్ల గాలి. ఒక మిల్లీలీటరు ఐపీఏ ఆరితే దాదాపు 0.32 లీటరు ఆవిరి అవుతుంది. పనిచేసే చోట రోజుకు ఎనిమిది గంటల సగటుకు అమెరికా ప్రభుత్వ సంస్థ ఓషా పెట్టిన హద్దు 400 పీపీఎం, అంటే పది లక్షల పాళ్ల గాలిలో 400 పాళ్ల ఆవిరి. పారిశ్రామిక ఆరోగ్య నిపుణుల సంస్థ ఏసీజీఐహెచ్ ఇంకా తగ్గించి 200 అంటుంది. పావుగంట సేపటికైనా 400 దాటొద్దంటుంది. 3,000 లీటర్ల గాలిలో 400 పీపీఎం అంటే 1.2 లీటర్ల ఆవిరి. అంత ఆవిరి రావడానికి నాలుగు మిల్లీలీటర్ల లోపు ఐపీఏ చాలు. టీ స్పూనులో అయిదు పడతాయి. మామూలు ట్రిగ్గర్ స్ప్రే ఒక్క నొక్కుకు దాదాపు ఒక మిల్లీలీటరు వదులుతుంది. అంటే తలుపులు మూసి, 99 శాతం సరుకును అద్దాల మీద నాలుగు సార్లు నొక్కితే హద్దు దగ్గరికి వచ్చినట్టే. ఇరవై మిల్లీలీటర్ల దాకా వెళ్తే 2,000 పీపీఎం దాటుతుంది. అమెరికాలోని నియోష్ సంస్థ అక్కడ ఇక మనిషి నిలబడకూడదని చెప్పేది ఆ అంకె దగ్గరే.

నాలుగు నొక్కులకు ఎవరికీ ప్రాణం పోదు. కళ్లు మండుతాయి, గొంతు గీరుకున్నట్టు ఉంటుంది, తల బరువెక్కుతుంది, నిద్ర ముంచుకొచ్చినట్టు ఉంటుంది. ఒంట్లోకి వెళ్లిన ఐపీఏను కాలేయం అసిటోన్‌గా మారుస్తుంది. కారు సొంతదారు నెలకోసారి చేసుకునే పనికి, రోజుకు ఎనిమిది పది కార్లు తుడిచే కుర్రాడి పనికి ఇక్కడే తేడా. ఆ కుర్రాడు ఒక కారు దిగి ఇంకో కారు ఎక్కుతాడు. ముక్కు కూడా కాసేపటికి ఆ వాసనకు అలవాటుపడి చెప్పడం మానేస్తుంది. వాసన తగ్గింది కాబట్టి గాలి బాగుందనుకోవడం తప్పు. ఆ పిల్లలకు ఈ మాట చెప్పేవాళ్లు లేరు, యజమానులైనా చెప్పాలి.

నిప్పు సంగతి ఇంకా గట్టిగా చెప్పాలి. ఐపీఏ ఫ్లాష్ పాయింట్ సుమారు 12 డిగ్రీలు. అంతకన్నా వేడిగా ఉంటే, పైనున్న ఆవిరి నిప్పురవ్వకు అంటుకుంటుంది. తిరుపతిలో చలికాలం తెల్లవారుజామున కూడా అంత చల్లబడేది అరుదు. అంటే మన ఊళ్లో ఈ సీసా ఏడాది పొడుగునా మంటకు సిద్ధంగా ఉన్నట్టే. గాలిలో ఆవిరి 2 శాతానికి చేరితే పేలుడు హద్దులోకి వస్తుంది. మూడు ఘనపు మీటర్ల కారులో అది దాదాపు 190 మిల్లీలీటర్ల ద్రవం. మూత సరిగా పెట్టని లీటరు సీసా సీటు కింద ఒలికిపోతే అంతకు మించే పోతుంది. పైగా ఐపీఏ ఆవిరి గాలికన్నా రెండింతలు బరువు. కారంతా సమంగా పరుచుకోదు, ఫ్లోర్ మ్యాట్ల దగ్గర, సీటు పట్టాల సందుల్లో చేరుతుంది. సగటు లెక్క 2 శాతానికి రాకపోయినా కింద అంత ఉండొచ్చు. సరిగ్గా అక్కడే వాక్యూమ్ క్లీనర్ గొట్టం పెడతారు. మామూలు వాక్యూమ్ మోటారులో కార్బన్ బ్రష్‌లు రవ్వలు చిమ్ముతూనే తిరుగుతాయి, ఆ మోటారు లాగేది ఆ గాలినే. అందుకే వరస ముఖ్యం: ముందు వాక్యూమ్, తరవాతే ఆల్కహాల్. ఎప్పుడూ తిరగెయ్యకూడదు.

మన దగ్గర దీనికి తోడు ఇంకొకటి ఉంది. ట్యాక్సీ డ్రైవర్లు పొద్దున్నే బండి తుడిచి, డ్యాష్‌బోర్డు మీద దేవుడి బొమ్మకు అగరుబత్తి వెలిగిస్తారు. కొత్త బండి అయితే షోరూంలో మెరిసేలా తుడిపించి నేరుగా అలిపిరి పాదాల మండపం దగ్గరికో, కాణిపాకానికో పూజకు తీసుకెళ్తారు. పసుపు, కుంకుమ, కొబ్బరికాయ, కర్పూర హారతి. తుడిచిన ఐపీఏ బయట బానెట్ మీద నిమిషంలో ఆరిపోతుంది, దానితో ప్రమాదం లేదు. భయపడాల్సింది క్యాబిన్‌లో నిలిచిన ఆవిరికి, డోరు జేబులో తడిగా కుక్కిన బట్టకు, మూత వదులుగా ఉన్న సీసాకు. ఆల్కహాల్ వాడిన తరవాత తలుపులన్నీ తీసి కనీసం పావుగంట ఆగి, బట్టా సీసా బండిలోంచి తీసేశాకే అగ్గిపుల్ల గీయండి. డెలివరీ రోజు క్యాబిన్‌లో ఆల్కహాల్ కొట్టొద్దని షోరూం వాళ్లకు ముందే చెప్పడం ఇంకా మంచిది.

కలిపే విధానం. ఎక్కువ పనులకు 20 శాతం చాలు: 200 మిల్లీలీటర్ల ఐపీఏ, 800 మిల్లీలీటర్ల బ్యాటరీ వాటర్. పెట్రోలు బంకుల్లో, బ్యాటరీ షాపుల్లో దొరికే ఆ డిస్టిల్డ్ వాటరే కావాలి. బోరు నీళ్లు కలిపితే ఆల్కహాల్ ఆరిపోయి ఉప్పు మిగులుతుంది, అద్దం మీద గీతలు పడతాయి. అప్పుడు సరుకు నాసిరకమని తిట్టుకుంటారు, తప్పు నీళ్లది. ఈ లెక్కన లీటరు సీసా అయిదు లీటర్లు అవుతుంది. టేపు, స్టిక్కరు, బీడింగు అంటించే ముందు చోటు శుభ్రం చెయ్యడానికి సగం సగం కలపాలి, టేపు తయారు చేసే కంపెనీలు చెప్పేదీ ఆ పాళ్లే. 99 శాతం నేరుగా వాడాల్సింది మొండి బంకకు మాత్రమే, అదీ కారు బయట, దూది తడిపి. నీళ్లు కలిపాం కాబట్టి ఇక అంటుకోదనుకోవద్దు. 20 శాతం ద్రావణం కూడా 30 డిగ్రీల దగ్గర్లో అంటుకునే ఆవిరినిస్తుంది. మనకు మార్చి నుంచే మధ్యాహ్నాలు అంతకన్నా చాలా వేడి. కలిపేటప్పుడు కొలగిన్నె వాడండి, కంటి అంచనా వద్దు. ముందు నీళ్లు పోసి తరవాత ఆల్కహాల్ పోస్తే ఆవిరి తక్కువ లేస్తుంది. సీసా మీద స్కెచ్ పెన్నుతో పేరు, శాతం, తేదీ రాయండి.

తుడిచే పద్ధతిలో రెండే సూత్రాలు: నీడ, బట్ట. ఎండలో నిలబెట్టిన బానెట్ మీద కొడితే ఆల్కహాల్ నూనెను కరిగించేలోపే ఎగిరిపోతుంది. నూనె అక్కడే మిగిలి గీతలుగా కనిపిస్తుంది. చాలలేదేమోనని మళ్లీ కొడతారు. అలా సరుకూ పోతుంది, ఆవిరీ రెండింతలవుతుంది. బండిని నీడలో పెట్టి, అరచెయ్యి ఆనిస్తే వెచ్చదనం తెలియనంత చల్లబడ్డాక మొదలుపెట్టాలి. రెండడుగుల చదరం చొప్పున, ఒక మైక్రోఫైబర్ బట్టతో తడి, ఆరకముందే రెండో పొడి బట్టతో తుడుపు. బట్ట నాలుగు మడతలు పెట్టి ముఖం మారుస్తూ ఉండాలి, లేకపోతే ఒక చోట తీసిన నూనెను ఇంకో చోట పూసినట్టవుతుంది. కారు లోపల మాత్రం స్ప్రే నొక్కడమే వద్దు. బయట నిలబడి బట్ట మీద మూడు నాలుగు నొక్కులు నొక్కుకుని లోపలికి వెళ్లి తుడవాలి. నాలుగు తలుపులూ తెరిచి, ఒక వైపు నుంచి ఫ్యాను గాలి లోపలికి వచ్చేలా పెట్టాలి. ఫ్యాను కారుకు రెండు మూడు అడుగుల దూరంలో, మంచి గాలి ఉన్న వైపు ఉండాలి. ఆవిరి బయటికొచ్చే వైపు పెడితే దాని మోటారే నిప్పు అవుతుంది. ఏసీ వేస్తే బయటి గాలి లాగే మోడ్‌లో వెయ్యాలి, రీసర్క్యులేషన్‌లో పెడితే అదే ఆవిరిని తిప్పి తిప్పి పీలుస్తారు.

ఐపీఏ ఏమేం చెడగొడుతుందో కూడా తెలియాలి. కొత్తగా పెయింట్ వేసిన ప్యానెల్ మీద కనీసం నెల దాకా వద్దు. రంగు మీద వేసే పారదర్శక పూత, క్లియర్‌కోట్, పూర్తిగా గట్టిపడకముందు దాన్ని ఆల్కహాల్ మెత్తబరుస్తుంది, మసక మచ్చ మిగులుతుంది. వెనక లైట్ల కవర్లు, మీటరు ముందుండే పారదర్శకమైన తొడుగు చాలా బండ్లలో అక్రిలిక్. దాని మీద ఎక్కువ శాతం ఆల్కహాల్ పడితే వెంట్రుకల్లాంటి సన్న పగుళ్లు వస్తాయి. అవి పాలిష్‌కు పోవు, భాగమే మార్చాలి. తోలు సీట్ల పైపూతను, అందులోని మెత్తదనాన్ని లాగేస్తుంది. టచ్‌స్క్రీన్ మీది వేలిముద్రలు అంటకుండా వేసే పూత మాటిమాటికీ ఆల్కహాల్ తగిలితే అరిగిపోతుంది. స్క్రీనుకు తడి మైక్రోఫైబర్ చాలు. డోరు రబ్బర్లకు కూడా ఇది మంచిది కాదు, ఎండిపోయి పెళుసెక్కుతాయి.

గ్లాస్ క్లీనర్ విషయానికొస్తే, నెలకోసారి సొంత కారు తుడుచుకునేవాళ్లకు ఐపీఏ సీసా కన్నా ఇదే నయం. ఆల్కహాల్ శాతం తక్కువ, కొలతల బాధ లేదు, చిన్న సీసా. కొనేటప్పుడు ఒక్క సంగతి చూడాలి. ‘అమ్మోనియా లేదు’ అని పెద్ద అక్షరాల్లో ఉంటే ఆల్కహాల్ లేదని కాదు. ‘ఆల్కహాల్ లేదు’ అని రాసి ఉన్న వాటిలో కొన్నిట్లో 2-బ్యుటాక్సీఇథనాల్ ఉంటుంది. బ్యుటైల్ గ్లైకాల్ అన్నా అదే. రసాయన శాస్త్రం ప్రకారం అదీ ఆల్కహాల్ గుంపులోదే. ఐపీఏలా గబగబా ఆరదు, 171 డిగ్రీల దగ్గర మరుగుతుంది కాబట్టి బట్ట మీద, చేతి మీద ఎక్కువ సేపు ఉండి చర్మం గుండా ఒంట్లోకి దిగుతుంది. మోతాదు మించితే ఎర్ర రక్తకణాలను చెరుస్తుంది. ఓషా దీనికి పెట్టిన హద్దు 50 పీపీఎం, ఏసీజీఐహెచ్ 20. ఐపీఏ హద్దుతో పోల్చి చూడండి, ఎన్నింతలు తక్కువో. వాసన మరీ ఘాటుగా ఉండదు కాబట్టి దీన్ని తేలిగ్గా తీసుకుంటారు. కొన్ని ఇంజిన్ డిగ్రీజర్లలోనూ, అన్నిటికీ పనికొచ్చే క్లీనర్లు కొన్నిటిలోనూ ఇదే ఉంటుంది. అవి వాడే పనివాళ్లకు గ్లోవ్స్ లేకుండా పని చెప్పకూడదు.

ప్యానెల్ వైప్ గురించి పెద్దగా చెప్పాల్సింది లేదు. ఐపీఏకు నీళ్లు, కొన్నిసార్లు ఇతర సాల్వెంట్లు కలిపి, మరకలు పడకుండా పాళ్లు కుదిర్చిన సరుకు. కోటింగ్ వేసే షాపుకు నమ్మకంగా ఉంటుంది, బట్ట జారుడూ బాగుంటుంది. ఇంట్లో వాడుకకు 20 శాతం ఐపీఏ ఉంటే దాని అవసరం రాదు. ఇది కూడా బయట వాడేదే.

వాషర్ ఫ్లూయిడ్. ఇక్కడ కాస్త ఆగాలి. చలి దేశాల్లో అద్దం కడిగే నీళ్లు గడ్డ కట్టకుండా అందులో మిథనాల్ కలుపుతారు. మిథనాల్ మనం తాగే మద్యంలోని ఇథనాల్‌కూ, ఐపీఏకూ దగ్గరి చుట్టంలా కనిపిస్తుంది గానీ ఒంట్లోకి వెళ్లాక దాని దారే వేరు. కాలేయం దాన్ని ముందు ఫార్మాల్డిహైడ్‌గా, తరవాత ఫార్మిక్ ఆమ్లంగా మారుస్తుంది. ఆ ఆమ్లం రక్తంలో ఆమ్లగుణం పెంచి, కంటి నరాన్ని చెడగొడుతుంది. పది మిల్లీలీటర్లు లోపలికి పోయినా చూపు పోవచ్చు. పీల్చినా, చర్మం గుండా దిగినా అదే దారి. ఓషా హద్దు 200 పీపీఎం. ఇందాకటి మూడు ఘనపు మీటర్ల కారులో అంత రావడానికి ఒకే ఒక్క మిల్లీలీటరు చాలు. యూరోపియన్ యూనియన్ 2018లో నిబంధన తెచ్చి, 2019 మే నుంచి మామూలు జనానికి అమ్మే వాషర్ ఫ్లూయిడ్‌లో మిథనాల్ 0.6 శాతానికి మించకూడదని కట్టడి చేసింది. తిరుపతిలో గానీ చిత్తూరులో గానీ నీళ్లు గడ్డ కట్టే చలి ఎన్నడూ రాదు. మంచు రాని ఊళ్లో మంచు మందు కలిపిన నీళ్లు డబ్బు పెట్టి కొనడంలో లాభం ఒక్కటీ లేదు, విషం తప్ప. వాషర్ నుంచి కొట్టిన ద్రవం ఆవిరి అద్దం కింద ఉండే గాలి రంధ్రాల గుండా నేరుగా క్యాబిన్‌లోకి వస్తుంది కూడా. లీటరు బ్యాటరీ వాటర్‌లో కారు షాంపూ కొద్ది చుక్కలు చాలు. నురగ ఎక్కువ వస్తే షాంపూ ఎక్కువైందని అర్థం, నీళ్లు ఇంకొంచెం పొయ్యండి. రెడీమేడ్‌దే కావాలంటే మిథనాల్ లేదని రాసి ఉన్న, నీళ్లలో కలుపుకునే చిన్న సీసాల రకం తీసుకోండి.

అయిదోది, లూజు స్పిరిట్. దీనికి మార్కులు సున్నా. పెయింట్ షాపులో డబ్బాలోంచి కూల్‌డ్రింకు సీసాలోకి పోసిచ్చే దానిలో ఏముందో అమ్మేవాడికీ తెలియదు. వేరే రసాయనం కలిపి, తాగడానికి పనికిరాకుండా చేసిన ఇథనాల్ కావచ్చు, మిథనాల్ కావచ్చు, రెండూ కావచ్చు. థిన్నర్ అయితే అందులో టోలుయిన్, అసిటోన్, కొన్నిటిలో మిథనాల్ కూడా ఉంటాయి. వాసన చూసి ఇథనాలో మిథనాలో చెప్పడం ఎవరి తరమూ కాదు. తూకం వేసి చూసినా తెలియదు: 20 డిగ్రీల దగ్గర 100 మిల్లీలీటర్ల ఐపీఏ 78.5 గ్రాములు, ఇథనాల్ 79 గ్రాముల లోపు, మిథనాల్ 79 గ్రాములు. ఇంట్లో త్రాసుతో తేలేది నీళ్లు ఎంత కలిపారన్నది ఒక్కటే. 99 శాతం అని అమ్మిన సీసా 100 మిల్లీలీటర్లకు 85 గ్రాములు తూగితే మోసపోయినట్టే. అంటించి మంట రంగు చూసే పరీక్ష అసలే వద్దు. మిథనాల్ మంట పగటి వెలుగులో కంటికి ఆనదు, మన ఎండలో అయితే చెయ్యి కాలాకే తెలుస్తుంది. 2020లో ప్రకాశం జిల్లా కురిచేడులో శానిటైజర్ తాగి పదిమందికి పైగా చనిపోయారు. 2024 జూన్‌లో తమిళనాడు కళ్లకురిచ్చిలో మిథనాల్ కలిసిన సారా అరవై మందికి పైగా ప్రాణాలు తీసింది. కారు షెడ్డులో అలమారా మీద పేరు లేని సీసాలో స్పిరిట్ పెట్టడమంటే అలాంటి చావుకు తలుపు తీసిపెట్టడమే. అందులోనూ కూల్‌డ్రింకు సీసా, నీళ్ల సీసా. దాహంతో వచ్చిన పిల్లవాడు చూసి తాగడు, తాగాక చూస్తాడు.

కొనేముందు చూడాల్సింది. మన దేశంలో ప్యాకెట్ సరుకు మీద తయారీదారు పేరు, పరిమాణం, ధర, నెల సంవత్సరం ఉండాలని 2011 నాటి తూనికల కొలతల నిబంధనలు చెబుతాయి. లోపల ఏయే రసాయనం ఎంత ఉందో రాయాలన్న కట్టు వాటిలో లేదు. అందుకే సరుకులో ఏముందో, దానితో ప్రమాదమేమిటో చెప్పే కాగితం, సేఫ్టీ డేటా షీట్, అడగాలి. మంచి కంపెనీలు వెబ్‌సైట్‌లోనే పెడతాయి, లేదంటే సీసా మీది కస్టమర్ కేర్‌కు రాస్తే పంపుతాయి. అందులో మూడో విభాగంలో కలిసిన రసాయనాలు, తొమ్మిదో విభాగంలో ఫ్లాష్ పాయింట్ ఉంటాయి. పేర్లు తికమకగా ఉంటాయి కాబట్టి ఒక్కో రసాయనానికి ఇచ్చిన గుర్తింపు సంఖ్యను, సీఏఎస్ నంబరును పట్టుకోండి, అది మారదు. ఐసోప్రొపనాల్, ప్రొపాన్-2-ఆల్, 2-ప్రొపనాల్, ఏ పేరు రాసినా 67-63-0 అయితే ఐపీఏ. 64-17-5 ఇథనాల్. 111-76-2 బ్యుటాక్సీఇథనాల్. 67-56-1 కనబడిందా, అది మిథనాల్, సీసా అక్కడే వదిలెయ్యండి. షీట్ పంపని కంపెనీ సరుకు ఎంత చవకైనా రోజువారీ పనికి తెచ్చుకోవద్దు.

గ్లోవ్స్ నైట్రైల్‌వి తీసుకోవాలి. పలచటి రబ్బరు గ్లోవ్స్ గుండా ఐపీఏ త్వరగా దిగుతుంది. నైట్రైల్‌వైనా లోపల తడి తగిలితే వెంటనే మార్చాలి. ఐపీఏ చర్మంలోని నూనెను లాగేసి వేళ్ల సందుల్లో పగుళ్లు తెస్తుంది, ఆ పగుళ్ల గుండా మిగతా రసాయనాలు ఇంకా తేలిగ్గా దిగుతాయి. పని అయ్యాక చేతులు కడిగి కొబ్బరినూనె రాయడం మేలు చేస్తుంది. మాస్కు గురించి చాలామందిలో అపోహ ఉంది. గుడ్డ మాస్కు, ఎన్95 దుమ్మును ఆపుతాయి, ఆవిరిని ఆపవు. ఆవిరికి కావాల్సింది ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్ ఉన్న మాస్కు. అది కూడా మిథనాల్‌ను ఎక్కువ సేపు పట్టి ఉంచలేదు. మాస్కు కన్నా తెరిచిన తలుపులు ముందు.

ఇంకో రెండు పొరపాట్లు. ఐపీఏ తుడిచిన చోట బ్లీచింగ్ ద్రావణం కలవనివ్వొద్దు. రెండూ కలిస్తే క్లోరోఫారం, కళ్లు మండించే క్లోరిన్ సమ్మేళనాలు పుడతాయి. సీట్ల మరకకు ఒకటి, మ్యాట్ల వాసనకు ఇంకొకటి వాడుతూ ఒకే బకెట్టులో బట్టలు ముంచేవాళ్లు ఇది గమనించాలి. రెండోది, డ్యాష్‌బోర్డు మెరుపు స్ప్రే డబ్బాలు. వాటిలో ద్రవాన్ని తోసేది చాలావరకు ఎల్‌పీజీ రకం గ్యాసే. 50 డిగ్రీలు దాటనివ్వొద్దని డబ్బా మీదే రాసి ఉంటుంది. మే నెలలో అలిపిరి పార్కింగ్‌లో మధ్యాహ్నం నిలబెట్టిన కారు లోపల ఆ వేడి మామూలే. డబ్బా గానీ, ఐపీఏ సీసా గానీ బండిలో పెట్టి వదిలెయ్యొద్దు, ఘాట్ ఎక్కేటప్పుడు అసలే వద్దు.

షెడ్డులో అయితే నెలకు సరిపడా మాత్రమే నిల్వ పెట్టండి. గట్టి మూత ఉన్న డబ్బాల్లో, ఎండ తగలని చోట, బ్యాటరీ ఛార్జరుకు, కంప్రెసరుకు, దేవుడి దీపానికి దూరంగా, నేల మీద ఉంచాలి. సీసా అంచు దాకా నింపకుండా పదో వంతు ఖాళీ వదలండి, వేడికి ద్రవం సాగుతుంది. తడి బట్టలు బయట గాలిలో ఆరబెట్టి, ఆరాకే మూత ఉన్న రేకు డబ్బాలో వెయ్యండి. డ్రై కెమికల్ పౌడర్ ఉన్న ఏబీసీ ఎక్స్‌టింగ్విషర్ ఒకటి తలుపు దగ్గర ఉండాలి. మామూలు ఫోం ఆల్కహాల్ మంట మీద నిలవదు, ఆల్కహాల్ ఆ నురగను విరగ్గొడుతుంది.

కంట్లో పడితే పావుగంట సేపు ధారగా నీళ్లతో కడగాలి, కాంటాక్ట్ లెన్సు ఉంటే తీసేసి. ఆవిరికి తల తిరిగితే బయటి గాలికి తీసుకురావాలి; స్పృహ తగ్గుతున్నా, ఊపిరి సరిగా ఆడకపోయినా 108కి ఫోన్ చెయ్యండి. ఎవరైనా మింగితే వాంతి చేయించొద్దు, ఉప్పునీళ్లు తాగించొద్దు. మిథనాల్ అనుమానం ఉంటే మనిషి బాగున్నట్టు కనిపించినా ఆగకూడదు, చూపు మసకబారడం, కడుపునొప్పి లాంటివి 12 నుంచి 24 గంటల తరవాత మొదలవుతాయి. అప్పటికి ఆమ్లం పని మొదలై ఉంటుంది. విరుగుడు ఉంది: ఫోమెపిజోల్, అది లేకపోతే వైద్యులు లెక్కగా ఇచ్చే ఇథనాల్, అవసరమైతే డయాలసిస్. రుయా ఆస్పత్రికి గానీ స్విమ్స్‌కు గానీ వెళ్లేటప్పుడు సీసాను, దొరికితే డేటా షీట్‌ను వెంట తీసుకెళ్లండి. ఎంత మింగారు, ఎన్ని గంటలకు అన్నది కాగితం మీద రాసుకోండి. దారిలో ఉండగానే ఢిల్లీ ఎయిమ్స్ విష సమాచార కేంద్రం ఉచిత నంబరు 1800 116 117కి ఫోన్ చేసి సీసా మీది సీఏఎస్ నంబరు చదివి వినిపించొచ్చు.